ఆడిట్ చేసేవాళ్ళ జీతం ఎవరి చేతిలో ఉండాలి?

పెన్నగట్టు అడిగిన ప్రశ్న

నమస్తే అందరికీ. ఇక్కడ ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులో చేసినవాళ్ళు, ఊళ్ళల్లో ఉపాధి హామీ పనులు దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఉన్నారు కదా, అందుకే ఇక్కడ అడుగుతున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఉపాధి హామీ పనులు నిజంగా జరిగాయా, కూలి ముట్టిందా అని ఊళ్ళల్లో తిరిగి తనిఖీ చేసే సోషల్ ఆడిట్‌లో మా చిన్నాన్న కూతురు డీఆర్పీగా (జిల్లా రిసోర్స్ పర్సన్) చేస్తోంది. ఏ రాష్ట్రమో ఏ జిల్లానో చెప్పను, తన ఉద్యోగానికి ఇబ్బంది. ఐదు నెలల్నుంచి జీతం పడలేదు. అడిగితే ఢిల్లీ నుంచి ఫండ్ రాలేదంటారంట, ఢిల్లీ వాళ్ళనడిగితే మీ రాష్ట్రం వాళ్ళు కాగితాలు సరిగ్గా పంపలేదంటారంట. అయినా మండలాలు తిరుగుతూనే ఉంది, బస్సు చార్జీలు తన జేబులోంచే, రూము అద్దె మా పిన్ని పంపిస్తోంది. పోయిన వారం ఫోన్ చేసి ఒక మాట చెప్పింది, అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఏ ఆఫీసు రికార్డులు తను చూడాలో ఆ ఆఫీసువాళ్ళే "బస్సులో ఎందుకు మేడమ్, మా బండి ఉంది, భోజనం కూడా మేమే చూసుకుంటాం" అన్నారంట. వద్దని చెప్పి ఎండలో మూడు కిలోమీటర్లు నడిచిపోయింది. "ఈ నెల వద్దన్నా అక్కా, ఇట్లే ఇంకో మూడు నెలలు పోతే వద్దనే ఓపిక నాకుంటుందా" అని అడిగింది.

మా చెల్లి నిజాయితీ మీద నాకు పిసరంత అనుమానం లేదు. కానీ ఒక మనిషి నిజాయితీని ఇన్ని నెలలు పస్తులుంచి పరీక్షించడం ఏం పద్ధతి? అందుకే అడుగుతున్నా. ప్రభుత్వం ఖర్చుని తనిఖీ చేసేవాళ్ళకి డబ్బు ప్రభుత్వమే ఇవ్వాలి, ఇంకెక్కడ్నుంచి వస్తుంది, మరి ఆ ఇచ్చేవాళ్ళే చెయ్యి బిగబడితే ఏంటి దారి? ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్‌కి (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) కూడా ఇట్లాగే ఉంటుందా? వేరే దేశాల్లో ఎట్లా చేస్తారు? ఇంకోటి, జనమే తలా కొంత వేసుకుని ఇట్లాంటి ఆడిట్ నడుపుకునే వీలుందా?


పాతపేరా

అమ్మా, నేను 31 ఏళ్ళు ఆడిట్‌లో చేసి రిటైరయ్యాను. నాకు తెలిసింది చెప్తాను.

కాగ్ సంగతి వేరు. రాజ్యాంగం 148వ అధికరణలోనే రాసిపెట్టారు, ఆ ఆఫీసు పరిపాలన ఖర్చు, అక్కడ పనిచేసేవాళ్ళ జీతాలు, పెన్షన్లతో సహా కన్సాలిడేటెడ్ ఫండ్ (ప్రభుత్వ ఆదాయమంతా చేరే ఖజానా) మీద చార్జ్ చేస్తారని. చార్జ్‌డ్ అంటే ఏంటంటే, పార్లమెంటులో దానిమీద చర్చ చేయొచ్చు కానీ ఓటు పెట్టరు. మిగతా శాఖల డిమాండ్ల మీద కోత తీర్మానం పెట్టినట్టు దీనిమీద పెట్టడానికి లేదు, రిపోర్టు నచ్చలేదు కాబట్టి ఈ ఏడు వీళ్ళ గ్రాంటు తగ్గిద్దాం అని సభలో మెజారిటీ ఉన్నవాళ్ళు చెయ్యెత్తలేరు. పదవిలో ఉండగా కాగ్ జీతం, షరతులు ఆయనకి నష్టం కలిగేట్టు మార్చడానికి లేదు, దిగిపోయాక కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ ప్రభుత్వం కింద ఇంకో పదవి తీసుకోవడానికి లేదు. తీసెయ్యాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తీసేసేంత తతంగం కావాలి. 1949 మే నెలలో రాజ్యాంగ సభలో ఈ అధికరణ చర్చకొచ్చినప్పుడు అంబేద్కర్ గారు, రాజ్యాంగంలో బహుశా అందరికన్నా ముఖ్యమైన అధికారి ఇతనే అన్నారు. అని ఊరుకోలేదు, కోర్టుకి తన సిబ్బందిని తను నియమించుకునే అధికారం ఇచ్చి ఇతనికి ఇవ్వకపోవడం నాకు తృప్తిగా లేదని కూడా అన్నారు. ఈ రెండో మాట జనం గుర్తుపెట్టుకోరు, నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ గుర్తుపెట్టుకున్నాను.

ఎందుకంటే చార్జ్‌డ్ అన్నంత మాత్రాన ఖాళీ చెక్కు ఇచ్చినట్టు అనుకోకండి. అంచనాలు ఆర్థిక శాఖ దాటే రావాలి, కొత్త పోస్టులు కావాలంటే అడగాలి. కాకపోతే ఉన్నట్టుండి కుళాయి కట్టెయ్యలేరు, పెద్ద రక్షణ అదే. నా సర్వీసులో జీతం ఒకటో తారీఖుకి రాకుండా పోయిన నెల లేదు. ఏ కలెక్టరాఫీసుకి వెళ్ళినా మా టీఏ (ప్రయాణ భత్యం) మాకుండేది, టీ తాగితే మా డబ్బుతో తాగేవాళ్ళం. పేరా, అంటే ఆడిట్ అభ్యంతరం, రాసేటప్పుడు ఎవరి ముఖమూ గుర్తుచేసుకోవాల్సిన పని ఉండేది కాదు. మీ చెల్లెలికి లేనిది అదే.

విజిలెన్స్ కమిషన్‌కి 2003 చట్టంలో, లోక్‌పాల్‌కి 2013 చట్టంలో ఇదే చార్జ్‌డ్ ఏర్పాటు పెట్టారు. సమాచార కమిషన్లకి ఆర్టీఐ చట్టంలో అది పెట్టలేదు, సిబ్బందీ డబ్బూ ప్రభుత్వం సమకూర్చాల్సిందే. పైగా 2019 సవరణతో కమిషనర్ల పదవీకాలం, జీతం ఎంతో చెప్పే అధికారం కూడా కేంద్ర ప్రభుత్వం చేతికి పోయింది, అంతకుముందు అది చట్టంలోనే రాసి ఉండేది. ఇక పంచాయతీలకొస్తే మనం లోకల్ ఫండ్ ఆడిట్ అని పిలిచే రాష్ట్ర ఆడిట్ శాఖ ఉంది, అది ఆర్థిక శాఖలో ఒక భాగం. అంటే ఢిల్లీలో గోడ గట్టిగానే కట్టారు, ఊరి దగ్గరికొచ్చేసరికి పల్చబడిపోయింది. కూలీవాడి డబ్బు పోయేదేమో ఊళ్ళోనే.


పాలమూరు కందిచేను

అక్కా మీ చెల్లె ముచ్చట చదివి నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. నేను ఐదేండ్లు సోషల్ ఆడిట్‌ల జేసిన, మొదలు ఊరి ఆడిటర్‌గ, తర్వాత డీఆర్పీగ. మన దగ్గర ఇది ఎట్ల మొదలైందో ఒక్కసారి యాది జేసుకోవాలె. ఉపాధి హామీ దేశం మొత్తానికి 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిల. అదే ఏడు ఆ జిల్లాలనే పాదయాత్ర జేసుకుంట పెద్ద సామాజిక తనిఖీ చేసిండ్రు, 2009ల దీనికోసం ప్రత్యేకంగ సొసైటీ పెట్టిండ్రు, తర్వాత వేరే రాష్ట్రాలోల్లు వచ్చి మన ఊర్లల్ల చూసి నేర్చుకొని పోయిండ్రు. తెలుగోల్ల జిల్లాలల్ల పుట్టి పెరిగిన పద్ధతి ఇది.

చేసే పని గిట్ల ఉంటది. ఏ పంచాయతీకి పోయినా అది మన సొంత పంచాయతీ గాకూడదు, 2011 ఆడిట్ రూల్స్‌లనే ఉన్నది ఆ మాట. పోయి బడిలనో పంచాయతీ ఆఫీసులనో పండుకుంటం. మస్టర్లు (కూలోల్ల హాజరు పట్టీలు), ఎం-బుక్ (పని కొలతల పుస్తకం), పే ఆర్డర్లు ముందేసుకొని ఇల్లిల్లు తిరుగుతం. లక్ష్మమ్మా నీ పేరు మీద పన్నెండు దినాలు పడ్డయి, పనికి పోయినవా, పైసలు ముట్టినయా, ఎంత ముట్టినయ్ అని అడుగుతం. సచ్చిపోయినోల్ల పేర్లు మస్టర్ల దొరికినయ్, హైదరాబాద్‌ల కొలువు చేసేటోల్ల పేర్లు దొరికినయ్. తర్వాత టేపు పట్టుకొని చేన్లకు పోయి గుంతలు, కట్టలు కొలుస్తం, పుస్తకంల రాసింది నేల మీద ఉన్నదా లేదా అని. ఊర్ల గ్రామసభ పెట్టి చదివి వినిపిస్తం, ఆఖరికి మండలంల ప్రజావేదిక. అక్కడ ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, ఏపీవో, గిట్ల పని చేయించేటోల్లు అందరు కూసుంటరు, వాల్ల ముంగట ముసలవ్వ లేసి నాకు పైసలు రాలే అని మైకుల చెప్తది. ఆ మాట చెప్పనీకి ఆమెకు ధైర్యం యాడికెల్లి వస్తదంటే, మేము ఆమె ఇంట్ల జొన్నరొట్టె తిన్నం గాబట్టి. ఆఫీసోల్ల జీపుల దిగితే ఆమె నోరు ఇప్పదు అక్కా, తలుపు గూడ తియ్యది.

పని చేయించేటోల్ల దగ్గర చాయ్ గూడ తాగొద్దు అని మాకు ట్రైనింగుల మొదటి దినమే చెప్పిండ్రు. ఆ రూలు నిలవడాలంటే జీతం టైముకు రావాలె. నా టైముల గూడ రెండుసార్లు నెలలకు నెలలు ఆగింది. ఒకసారి రికార్డుల జిరాక్సులకు పైసలు లేకుంటే, మేమే తీసిస్తం అని ఆఫీసోల్లు తీసిచ్చిండ్రు. ఇరవై కాగితాలు తక్కువ ఉన్నయ్ అండ్ల. ఏవి తక్కువున్నయో అవే మాకు కావాల్సినవి. తర్వాత మా టీమోల్లం తలా వంద వేసుకొని మల్ల తీయించినం. ఆ పంచాయతీల దొరికిందంతా ఆ ఇరవై కాగితాలల్లనే ఉండె.


లెక్కప్రకారం

అందరూ భావోద్వేగంతో రాస్తున్నారు, నేను కొంచెం వేరేగా అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఫర్జానా అఫ్రీది, వేగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సోషల్ ఆడిట్ రిపోర్టులే తీసుకుని అధ్యయనం చేశారు. వాళ్ళు చెప్పిందేంటంటే ఆడిట్ల వల్ల కూలీల వైపు దొంగతనం కొంచెం తగ్గింది కానీ సామాను కొనుగోళ్ళ వైపు, అంటే కనిపెట్టడం కష్టమైన చోట అంతకన్నా ఎక్కువ పెరిగింది. దొరికిన డబ్బు వెనక్కి రాబట్టడం ఎంత నీరసంగా ఉంటుందో మనందరికీ తెలిసిందే. అలాంటప్పుడు దీనిమీద ఇంకా ఇంకా డబ్బు పెట్టమనడం కన్నా కెమెరాలు, ఆధార్, బ్యాంకు ఖాతాలు లాంటివాటి మీద పెడితే మేలు కాదా? నేను ట్యాక్స్ కడుతున్నాను, నా డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ ఆదా అవుతుందో అడిగే హక్కు నాకుంది.


పాలమూరు కందిచేను

అడిగే హక్కు ఉన్నది అన్నా, మంచిగ అడిగినవ్. ఆ అధ్యయనం చెప్పింది నిజమే, మేము కండ్లార చూసినం. కూలీని ఇంటికి పోయి అడగొచ్చు, సిమెంటు బస్తాను ఎట్ల అడుగుతం? బిల్లు నిజమా కాదా చూడాలంటే ఇంజినీరు కావాలె, లెక్కలు సదివినోడు కావాలె, ఎక్కువ దినాలు కావాలె. అంటే ఇంక కొంచెం ఎక్కువ పైసలు పెట్టాల్సిన జాగ అది. సగం పైసలిచ్చి సగం పని అయ్యిందని మొత్తం బంద్ వెట్టమంటే ఎట్ల?

రికవరీ మా చేతుల లేదు. మేము రాసిస్తం, ప్రజావేదికల తేలుతది, వసూలు చేసేది, సస్పెండ్ చేసేది ఆ శాఖోల్లే. ఫోటోలు, ఆన్‌లైన్ హాజరు అంటవా, ఫోటో దిగిన మనిషి పని చేసిండా లేదా ఫోటోకు తెల్వది. పాత ఫోటోనే మల్ల ఎక్కిచ్చుడు గూడ ఉంటది. ఊరికి పోయి అడిగేటోడు ఉంటెనే గది బయటపడ్తది.


పాతపేరా

లెక్కప్రకారం గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, కానీ కాగ్‌కి కూడా ఎవర్నీ శిక్షించే వీల్లేదు, ఒక్క రూపాయి వసూలు చేసే వీల్లేదు. 151వ అధికరణ ప్రకారం రిపోర్టు సభ ముందుకి వెళ్తుంది, తర్వాత పీఏసీ (సభ్యులతో ఉండే ప్రజా పద్దుల కమిటీ) చూడాలి. మా పేరాలు ఏళ్ళ తరబడి జవాబుల్లేకుండా ఉండిపోయిన ఫైళ్ళు నేను చూశాను. అంతమాత్రాన కాగ్‌ని ఎత్తేద్దాం అని ఎవరూ అనరు కదా. ఊరి కూలీలు చేసే ఆడిట్ దగ్గరే ఆ మాట ఎందుకొస్తుందో ఒకసారి ఆలోచించండి.

డబ్బు విషయానికొస్తే సోషల్ ఆడిట్‌కి అడిగేదేం పెద్ద మొత్తం కాదు. ఒక రాష్ట్రంలో అంతకుముందు ఏడాది ఉపాధి హామీకి అయిన ఖర్చులో 0.5 శాతం దాకా కేంద్రం నేరుగా అక్కడ సోషల్ ఆడిట్ నడిపే యూనిట్‌కి ఇచ్చే ఏర్పాటు పెట్టారు. వంద రూపాయల్లో అర్ధరూపాయి. ఆ అర్ధరూపాయి ఎటునుంచి వస్తుందన్నదే తిరకాసు. విడుదల చేసేది కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, ఆడిట్ జరిగేది ఆ శాఖ పథకం మీదే. అమలు చేసే సంస్థ ఆడిట్‌లో ఎప్పుడూ జోక్యం చేసుకోకూడదని 2011 రూల్స్‌లో స్పష్టంగా ఉంది. జోక్యం చేసుకోనక్కర్లేదు, ఫైలు మీద సంతకం నాలుగు నెలలు ఆలస్యమైతే చాలు. ఒకపక్క సోషల్ ఆడిట్ చెయ్యకపోతే ఉపాధి నిధులు ఆపేస్తామని రాష్ట్రాలని హెచ్చరించారు, ఇంకోపక్క 2023లో కేంద్రం నుంచి డబ్బు రాక చాలా రాష్ట్రాల యూనిట్లు పడకేశాయని పత్రికల్లో వచ్చింది. అప్పటి లెక్కల ప్రకారం అన్ని పంచాయతీల్లోనూ ఆడిట్ పూర్తిచేసిన రాష్ట్రం కేరళ ఒక్కటే.


థేమ్స్ ఒడ్డు గోదారోడు

లండన్‌లో ఒక కౌన్సిల్లో అకౌంట్స్ పని చేస్తున్నానండి, మాది రాజోలు. వేరే దేశాల్లో ఎలా అని అడిగారు కదా, ఇక్కడ రెండు రకాలూ చూశాను, మంచీ చెడూ.

కేంద్ర ప్రభుత్వ ఖర్చుని చూసేది నేషనల్ ఆడిట్ ఆఫీస్. 1983లో చట్టం తెచ్చి దాని అధిపతిని దిగువ సభ అధికారిగా చేసేశారు. బడ్జెట్ ఎంతో తేల్చేది ట్రెజరీ, అంటే ఇక్కడి ఆర్థిక శాఖ, కాదండి, ఎంపీలతో ఒక కమిషన్ ఉంటుంది, పబ్లిక్ అకౌంట్స్ కమిషన్ అని, ఆడిట్ ఆఫీసు నాకింత కావాలని వాళ్ళ ముందు చెప్పుకుంటుంది, వాళ్ళు ప్రశ్నలడిగి సభకి పంపిస్తారు. ట్రెజరీ ఖర్చునే వీళ్ళు తనిఖీ చెయ్యాలి కాబట్టి ట్రెజరీ దగ్గర చెయ్యి చాపకుండా చేశారు.

ఇక చెడు. ఊళ్ళు, పట్టణాల కౌన్సిళ్ళకి ఆడిట్ చూసుకోడానికి ఆడిట్ కమిషన్ అని వేరేగా ఉండేది. దండగ ఖర్చు అని 2010లో దాన్ని ఎత్తేస్తామని ప్రకటించారు, 2015 మార్చితో మూసేశారు. పని ప్రైవేటు ఆడిట్ కంపెనీలకి పోయింది, ఫీజులు బాగా తగ్గించారు, తగ్గిన ఫీజుకి తగ్గట్టే మనుషుల్ని పెట్టారు. చివరికి ఏమైందో తెలుసాండీ, 2022-23 లెక్కలు గడువులోపల ఆడిట్ పూర్తయిన స్థానిక సంస్థలు ఇంగ్లండ్ మొత్తం మీద ఒక్క శాతం. వందకి ఒకటి. 2023లో బర్మింగ్‌హామ్ అంతటి నగరం కౌన్సిలే ఇక కొత్త ఖర్చు పెట్టలేమని నోటీసిచ్చింది, దానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఆడిట్ మీదకి నెట్టను, కానీ లెక్కలు ఏళ్ళ తరబడి తేలకపోతే గొయ్యి ఎంత లోతుందో కౌన్సిలర్లకే తెలీదండి, జనానికి ఎలా తెలుస్తుంది. 2024 చివర్లో మళ్ళీ లోకల్ ఆడిట్ ఆఫీస్ అని కొత్తది పెడతామని ప్రభుత్వమే ప్రకటించింది. లెక్కప్రకారం గారు ఆదా అన్నారు కదా, ఇక్కడ ఆదా చేసింది ఇదేనండి.


లెక్కప్రకారం

ఈ ఇంగ్లండ్ సంగతి నాకు తెలీదు. ఒక్క శాతం అంటే నమ్మలేక వెతికి చూశాను, నిజమే. సామాను బిల్లుల కోసం ఇంజినీర్లని పెట్టాలన్న మాటకి కూడా ఒప్పుకుంటున్నాను. రికవరీ విషయంలో మాత్రం నా అసంతృప్తి అలాగే ఉంది, వసూలు చేసే పని ఆ శాఖకే వదిలేసినంత కాలం ఉంటుంది.


పెన్నగట్టు

అందరికీ చాలా థాంక్స్. కందిచేను తమ్ముడూ, ఆ ఇరవై కాగితాల సంగతి మా చెల్లికి చదివి వినిపించా, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అక్కా ఇక్కడ కూడా జిరాక్సులు వాళ్ళే తీసిస్తామంటున్నారు" అంది.

చందాల గురించి ఎవరూ చెప్పలేదు. మా ఊరివాళ్ళు బెంగుళూరులో, అమెరికాలో చాలామంది ఉన్నారు, గుడికి అడిగితే లక్షలిస్తారు, దీనికి అడిగితే కొంతైనా ఇవ్వరా అని నా ఆశ.


పాతపేరా

మంచి ఆలోచనే అమ్మా, కానీ రెండు విడివిడిగా చూడాలి. చట్టం ప్రకారం రికార్డులు తెప్పించుకునే ఆడిట్ యూనిట్‌కి చందాలు అలవాటు చెయ్యకూడదు. ఇవాళ మీరిస్తారు, రేపు ఆ మండలంలో పనిచేసే కాంట్రాక్టరు బావమరిది కూడా ఇస్తానంటాడు, ఎవర్ని వద్దంటారు? పైగా జనమే ఇచ్చుకుంటున్నారు కదా అని ప్రభుత్వం ఆ అర్ధరూపాయి కూడా ఆపేస్తుంది.

జనం సంఘాలుగా చేసుకునేది వేరు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు 1994 డిసెంబరులో జన సునవాయిలు (జనం ముందు బహిరంగ విచారణలు) మొదలుపెట్టినప్పుడు పెద్ద సంస్థల ఫండ్ తీసుకోలేదు, మనుషులిచ్చే చందాలతోనే నడుపుకున్నారు. మన ప్రజావేదికకి తల్లి అదే. కానీ ఒక్క మస్టర్ రోల్ కాపీ కోసం వాళ్ళు ఎన్ని ధర్నాలు చేశారో, 2005లో ఆర్టీఐ చట్టం వచ్చేదాకా ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. డబ్బున్నా కాగితం చేతికి రాలేదు. అందుకని మీ ఊరివాళ్ళ డబ్బు ఆడిట్‌కి కాకుండా ప్రజావేదికకి వచ్చే కూలీల ఆ రోజు కూలి నష్టానికో, మీ ఊరి పిల్లలకి ఎం-బుక్ చదవడం నేర్పడానికో పెట్టండి. అక్కడ ఎవరూ వేలెత్తి చూపించరు.

జీతాల సంగతికి మాత్రం ఆర్టీఐ వెయ్యండి. మీ చెల్లి పేరుతో కాదు, మీ పేరుతో. కేంద్ర శాఖకి ఆన్‌లైన్‌లో పది రూపాయలతో అయిపోతుంది. జీతాలెందుకు రాలేదు అని అడగొద్దు, ఎందుకు అనే ప్రశ్నకి జవాబివ్వక్కర్లేదని తప్పించుకుంటారు. మూడు తేదీలు అడగండి: రాష్ట్రం యూనిట్ నుంచి వినియోగ ధ్రువపత్రం (ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టామని చెప్పే కాగితం) మీకు అందిన తేదీ, నిధులు మంజూరు చేస్తూ ఉత్తర్వు ఇచ్చిన తేదీ, యూనిట్ ఖాతాలో జమ అయిన తేదీ. గత మూడేళ్ళవి, విడతల వారీగా. ఆ మూడు తేదీలు పక్కపక్కన పెడితే కాగితం ఎవరి బల్ల మీద ఎన్నాళ్ళు పడుకుందో చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. రాష్ట్ర స్థాయిలో వేస్తే మాత్రం ఓపిక కావాలి, తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్ళకి పైగా, ఒక్క కమిషనర్ కూడా లేకుండా గడిచింది. డబ్బు ఆపక్కర్లేదు, కుర్చీ ఖాళీగా ఉంచినా ఇదే జరుగుతుంది. అందుకే ముందు ఢిల్లీకి వెయ్యమంటున్నా.


పాలమూరు కందిచేను

అక్కా ఇంకొకటి. మీ చెల్లెకు చెప్పు, జిరాక్సులు వాల్లు తీసిస్తే తీస్కోనియ్, కని తీస్కునేటప్పుడు పేజీ నంబర్లు రాపిచ్చి, ఇన్ని కాగితాలు ఇచ్చినం అని సంతకం వెట్టిచ్చుకొమ్మను. తక్కువ వచ్చినయ్ అంటే తర్వాత ప్రజావేదికల అదే చూపెట్టొచ్చు.


పెన్నగట్టు

చెప్పేశా తమ్ముడూ. రాత్రి కూర్చుని ఆర్టీఐ రాశా, మూడు తేదీలూ అడిగా. పాతపేరా గారూ, పంపే ముందు మీకు మెసేజ్‌లో పెడతా, ఒక్కసారి చూసి ఎక్కడైనా "ఎందుకు" అని మిగిలిపోయి ఉంటే కొట్టెయ్యండి.